తల దెబ్బ కేసులో మా సాక్ష్యం పాల లెక్క కేలండర్

"తమ్ముడికి బైకు యాక్సిడెంటై ఐదు నెలలైంది. ఇప్పుడు స్కాన్ నార్మల్ అంటున్నారు, కానీ మనిషి మునుపటిలా లేడు. ఇన్సూరెన్స్ వాళ్లు మూడు లక్షలకి రాజీకి రమ్మంటున్నారు. ఒప్పుకోవాలా, కేసు నడపాలా?" అని అడిగారు.

ఒప్పుకోకండి. నేను లాయర్ని కాను. తాడేపల్లిగూడెంలో ఉంటాను, మా ఆయనది అచ్చం ఇదే కథ. నాలుగేళ్లు కోర్టు వరండాలో బల్ల మీద కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను.

ముందు అర్జెంటు మాట. ఐదు నెలలు అన్నారు కాబట్టి ఈ వారమే లాయరు దగ్గరికి వెళ్లి నష్టపరిహారం పిటిషన్ వేయించండి. మేము వేసినప్పుడు గడువనేది లేదు, మోటారు వాహనాల చట్టంలోంచి 1994లోనే తీసేశారట. 2019 సవరణలో మళ్లీ ఆరు నెలలు అని పెట్టి, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలు చేశారు. గడువు దాటితే ఏమవుతుందన్న దాని మీద కోర్టుల్లో వాదనలు నడుస్తూనే ఉన్నాయి, మీరు పోయి అందులో ఇరుక్కోవద్దు. పైగా వడ్డీ లెక్కకట్టేది పిటిషన్ వేసిన తేదీ నుంచే. యాక్సిడెంట్ ఎక్కడ జరిగినా మీరుండే ఊరి ట్రిబ్యునల్లోనే, అంటే యాక్సిడెంట్ నష్టపరిహారం తేల్చే కోర్టులోనే, వేసుకోవచ్చు. వేయడం తొందరగా వేయండి, రాజీ మాట మాత్రం ఏడాది దాటేదాకా ఎత్తొద్దు. తలకు తగిలిన దెబ్బ అసలు రంగు ఏడాదికి గానీ బయటపడదు. ఇది ఏ డాక్టరూ నాకు చెప్పలేదు, నేనే చెబుతున్నాను.

మా ఆయన రైస్ మిల్లులో గుమాస్తా. ఎవరి ధాన్యం ఎన్ని బస్తాలొచ్చింది, తేమ ఎంత, నూక ఎంత, తవుడు ఎవరికి పోయింది, లారీ కిరాయి ఎంత బాకీ, ఇవన్నీ పుస్తకం తీయకుండా చెప్పేవారు. 2018 ఫిబ్రవరిలో తణుకు నుంచి వస్తుంటే హైవే మీద లారీ వెనక నుంచి గుద్దింది. హెల్మెట్ లేదు. అప్పటికి ఆయనకి ముప్పై ఎనిమిదేళ్లు. విజయవాడలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, మెదడు వాచిపోయిందని కుడివైపు పుర్రె ముక్క తీసి, పాడవకుండా పొట్ట చర్మం కింద దాచారు. మూడు నెలల తర్వాత తీసి మళ్లీ తలకి అతికించారు. ఆ మూడు నెలలూ ఆయన పొట్ట తడుముకుంటూ "ఇక్కడేదో పలక ఉందే" అనేవారు. నేను చెప్పేదాన్ని. పది నిమిషాలకి మళ్లీ అదే మాట.

డిశ్చార్జి కాగితం మీద చివర మూడు ఇంగ్లీషు ముక్కలు రాశారు: కాన్షస్, కోహెరెంట్, ఓరియెంటెడ్. అంటే తెలివిగా ఉన్నాడు, పొంతనగా మాట్లాడుతున్నాడు, ఏ ఊళ్లో ఉన్నాడో ఏ రోజో తెలుసు అని. ఐసీయూలోంచి ప్రాణాలతో వచ్చిన ప్రతివాళ్లకీ రాసే ముక్కలవి. రెండేళ్ల తర్వాత ఇన్సూరెన్స్ లాయరు ఆ కాగితాన్ని గాల్లో ఊపినప్పుడు గానీ వాటి ఖరీదు నాకు తెలియలేదు. మీరు మాత్రం మొదటి రోజు క్యాజువాలిటీ షీటు జిరాక్సు అడిగి తీసుకోండి. అందులో జీసీఎస్ అని, మనిషికి తెలివి ఎంతుందో కొలిచే ఒక అంకె ఉంటుంది. పూర్తి తెలివిలో ఉంటే 15, అన్నిటికన్నా తక్కువ 3. ఎనిమిదీ అంతకన్నా తక్కువైతే దెబ్బ తీవ్రమైనదని లెక్క. మా ఆయనది 7. కేసంతా ఆ 7 మీద నిలబడింది.

మిల్లు ఓనరు మంచివాడే, ఆరు నెలలకి మళ్లీ పనిలోకి రమ్మన్నాడు. మూడో రోజుకే ఒకే లారీ లోడు మూడుసార్లు చిట్టాలో ఎక్కించారట. "కొన్నాళ్లు ఇంటి దగ్గరే రెస్ట్ తీసుకోమనమ్మా" అని ఓనరు నాకు ఫోన్ చేశాడు. ఆ కొన్నాళ్లు ఇంకా అవలేదు.

మా బంధువుల సంగతి చెప్పకపోతే ఈ జవాబు పూర్తవదు. వచ్చిన ప్రతివాళ్లూ "బాగానే ఉన్నాడుగా!" అనేవాళ్లు. పలకరిస్తే పలుకుతారు, కాఫీ తాగుతారు, మొన్నటి క్రికెట్ గురించి మాట్లాడతారు. అరగంట కూర్చుని లేచిపోయేవాళ్లకి అంతకన్నా ఏం కనపడుతుంది? మా బావగారైతే మరీనూ. "మనిషి దక్కాడు, లోక్ అదాలత్‌లో మూడు లక్షలిస్తామంటున్నారు, తీసుకుని దండం పెట్టుకోక ఈ కోర్టులు ఎందుకమ్మా, ఆశకి అంతుండాలి" అన్నారు. కాలు పోతే కళ్లకి కనపడుతుంది, ఊరంతా అయ్యో అంటుంది. బుర్రలో ఏదో తెగితే అది పెళ్లాం గొంతెమ్మ కోరిక కింద జమ.

వికలాంగుల చట్టమూ అంతే. 2016 చట్టంలో ఇరవై ఒక్క రకాల వైకల్యాలు పేరుపేరునా రాశారు, అందులో తలకు దెబ్బ అన్న పేరు లేదు. వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి తీసుకెళ్తే చేతులెత్తమన్నారు, నడవమన్నారు. నడిచారు. "బానే ఉందిగా, ఎందుకొచ్చారు?" అన్నారు. నాలుగు క్యూలు, మూడు గదులు తిరిగాక చివరికి కోర్టు పంపిన మెడికల్ బోర్డు 35 శాతం అని రాసింది. మీరు ఆ క్యూల్లో పడేముందే న్యూరోసైకాలజీ పరీక్ష చేయించండి. జ్ఞాపకం, ధ్యాస, ఒక పని తర్వాత ఇంకోటి చేసే నేర్పు, ఇవన్నీ కూర్చోబెట్టి గంటల తరబడి చూస్తారు. బెంగళూరు నిమ్హాన్స్ లాంటి చోట చేస్తారు. స్కాన్ చూపించని సంగతి అది చూపిస్తుంది.

ఇక కేలండర్. మా ఇంట్లో పాల లెక్క గోడమీది తెలుగు కేలండర్ గడుల్లో రాసుకోవడం అలవాటు. ఆయన ఇంటికొచ్చాక లీటరు, అర లీటరు పక్కనే ఆ రోజు ఏం జరిగిందో కూడా రాయడం మొదలుపెట్టాను. కోర్టు కోసం కాదు, చెప్పుకోవడానికి మనిషి లేక. "పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది, పక్కనే కూర్చుని చూస్తున్నారు. గ్యాస్ వాసన తెలియలేదట." "నాలుగు వందలిచ్చి కూరలకి పంపితే అన్నిటికీ బెండకాయలే తెచ్చారు." "చిన్నాడిని కొట్టారు. ఎప్పుడూ చెయ్యెత్తని మనిషి." మా ప్లీడరు గారు ఒకసారి ఇంటికొచ్చి ఆ గోడ చూసి, మేకు నుంచి కేలండర్ తీసి సంచిలో పెట్టుకున్నారు. రెండేళ్ల కేలండర్లు కోర్టులో మార్కయ్యాయి, అంటే సాక్ష్యంగా నంబరేసి తీసుకున్నారు. "అంతా ఒకే పెన్నుతో రాసుంది, కేసు కోసం ఒక్కసారే కూర్చుని రాశారు" అని ఇన్సూరెన్స్ లాయరు వాదించాడు. పాలవాడి డబ్బులు కొట్టేసిన తేదీలు అందులోనే ఉన్నాయి, పాలవాడిని పిలిపించమంటారా అన్నాను. అక్కడితో వదిలేశాడు.

అసలు రోజు అది కాదు. కరోనా మూసివేతలయ్యాక వాయిదాలు మళ్లీ మొదలై, మా ఆయన్ని బోనెక్కించమని ఇన్సూరెన్స్ వాళ్లే పట్టుబట్టారు. ముందురోజు రాత్రి బావగారు వచ్చి "కొంచెం పిచ్చిగా మాట్లాడమని నేర్పమ్మా" అన్నారు. నేర్పితే గుర్తుండే మనిషైతే కోర్టుకెందుకు వెళ్తాం? నేనేమీ నేర్పలేదు. ఇస్త్రీ చొక్కా వేసి, తల దువ్వి తీసుకెళ్లాను.

పేరు అడిగారు, చెప్పారు. ఊరు, పిల్లలు, పొద్దున ఏం తిన్నారు, ఏ బస్సులో వచ్చారు, అన్నీ టకటకా చెప్పారు. ఇన్సూరెన్స్ లాయరు మొహం వెలిగిపోతోంది, నా అరచేతులు తడిసిపోతున్నాయి. అప్పుడతను నవ్వుతూ "మీరు లెక్కల మనిషి కదా, పదమూడో ఎక్కం చెప్పండి చూద్దాం" అన్నాడు.

మా ఆయన చేతులు కట్టుకుని మొదలుపెట్టారు. పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ల ఇరవై ఆరు, పదమూడు మూళ్ల ముప్పై తొమ్మిది. ఒక్కచోట తడబడలేదు. పదమూడు పదుల నూట ముప్పై. లాయరు జడ్జి గారి వైపు తిరిగి, చూశారా అన్నట్టు చేతులు విప్పాడు. వెనక నుంచి వినిపించింది: పద్నాలుగు ఒకట్ల పద్నాలుగు.

"చాలండి" అన్నాడు లాయరు. పద్నాలుగు రెళ్ల ఇరవై ఎనిమిది. "చాలన్నానుగా!" పద్నాలుగు మూళ్ల నలభై రెండు. జడ్జి గారు మెల్లగా "ఆపండి బాబూ" అన్నారు. మా ఆయన జడ్జి గారి వైపు చూసి, మర్యాదగా "అలాగేనండి" అన్నారు. అని, పద్నాలుగు నాలుగుల యాభై ఆరు. తలుపు దగ్గర కానిస్టేబుల్ కిసుక్కున నవ్వాడు. ఇంకెవరో కూడా నవ్వారు. పదిహేనో ఎక్కంలోకి వెళ్లారు. నేను లేచి, అడగొచ్చో లేదో కూడా చూడకుండా బోను దాకా వెళ్లి మంచినీళ్ల సీసా చేతిలో పెట్టాను. చేతిలో వేరే వస్తువు పడితే ఆగుతారని నాకు తెలుసు. పదిహేను ఎనిమిదుల నూట ఇరవై దగ్గర ఆగారు.

రాత్రిళ్లు మా చిన్నాడిని పక్కన పడుకోబెట్టుకుని అలాగే చెప్పించేవారు, పన్నెండు నుంచి ఇరవై దాకా.

జడ్జి గారు పెన్ను కింద పెట్టి, స్టెనోకి ఇంగ్లీషులో ఏదో చెప్పి రాయించారు. సాక్షి తీరు కోర్టు స్వయంగా గమనించినట్టు రికార్డు చేశారని మా ప్లీడరు గారు బయటికొచ్చాక చెప్పారు. వరండాలో మా ఆయన "టిఫిన్ చేద్దామా?" అన్నారు. చేసే వచ్చాం.

ఆ ఎక్కం ఖరీదు చెబుతాను, మిల్లు గుమాస్తా పెళ్లాన్ని కదా. జీతం పద్నాలుగు వేలైనా కాగితం లేదని పన్నెండు వేలే పట్టుకున్నారు. నలభై లోపు వయసు కాబట్టి, ముందు ముందు పెరిగేదానికి 40 శాతం కలపాలి. 2017లో సుప్రీంకోర్టు పెట్టిన లెక్క అది, గాయాల కేసులకీ వర్తిస్తుందని 2020లో తేల్చింది. నెలకు 16,800, ఏడాదికి 2,01,600. దాన్ని వయసును బట్టి ఒక అంకెతో హెచ్చవేస్తారు, గుణకం అంటారు, ముప్పై ఎనిమిదేళ్లకి అది 15. అంటే 30,24,000. ఇందులో ఎంత శాతం పోయింది అన్నదే గొడవంతా. బోర్డు చెప్పిన 35 శాతమైతే 10,58,400. జడ్జి గారు 60 శాతం వేశారు, 18,14,400 అయింది. డాక్టరు రాసే శాతం వేరు, సంపాదన పోయే శాతం వేరు అని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకి బతుకుతెరువే పోతుంది, గవర్నమెంటు గుమాస్తాకి ఉద్యోగం పోకపోవచ్చు అని అందులో ఉదాహరణ. మా ఆయనకి రెండు చేతులూ ఉన్నాయి.

హెల్మెట్ లేదని మొత్తం మీద పది శాతం కోశారు, అది వేరే ఏడుపు. ఇంకో ఏడుపు నా గురించి. మనిషిని కనిపెట్టుకుని ఉండేందుకంటూ నాకు లక్షన్నర ఒక్కసారిగా రాసి ఊరుకున్నారు. మా ఆయన కోసం కుట్టు మిషను మూలన పెట్టి నాలుగేళ్లు అప్పటికి. తలకు దెబ్బ తగిలిన ఒక పన్నెండేళ్ల పాప కేసులో 2020లో సుప్రీంకోర్టు, కనిపెట్టుకుని ఉండే మనుషుల ఖర్చుని కూడా గుణకంతోనే కట్టాలని చెప్పి, 18తో హెచ్చవేసి ఆ ఒక్క పద్దు కిందే 21,60,000 ఇచ్చింది. మీ లాయరుకి ఈ ముక్క మొదటి రోజే చెప్పండి. మేము చెప్పలేదు, అడగనిది ఎవరూ ఇవ్వరు.

లాయరంటే గుర్తొచ్చింది, ఆసుపత్రి మంచం దగ్గరికే వచ్చి వకాల్తా మీద సంతకం పెట్టమని, వచ్చినదాంట్లో ఇరవై శాతం మాదని అనేవాళ్లని దగ్గరికి రానివ్వొద్దు. అలా వాటా మీద ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం తప్పు. మా ప్లీడరు గారు వాయిదాకింత అని తీసుకున్నారు, అందుకే ఆయన మాట ఇప్పటికీ వింటాను.

2022లో అవార్డు, అంటే ట్రిబ్యునల్ తీర్పు, వచ్చింది, ఇన్సూరెన్స్ కంపెనీ హైకోర్టుకి వెళ్లింది. సగం డబ్బు డిపాజిట్ చేసింది, మిగతాది ఇంకా తేలలేదు. కాబట్టి ఇది త్వరగా అయ్యే పని అనుకోకండి. కేలండర్ మాత్రం ఇవాళే మొదలుపెట్టండి. మీ మరదలు ఉంటే ఆవిడనే రాయమనండి, రాత్రి పగలు చూసేది ఆవిడే.

నేను ఇప్పటికీ రాస్తున్నాను. నిన్నటి గడిలో ఉన్నది ఇది: "పాలు లీటరు. బావగారికి ఫోన్ చేసి పొలం కౌలు గురించి ఒకే మాట పన్నెండు సార్లు చెప్పారు." రాత్రి బావగారు నాకు ఫోన్ చేశారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "రోజూ ఇంతేనా అమ్మా?" అని అడిగారు.