అన్నయ్య రక్తపరీక్షల గురించి అడిగావుగా

చిరంజీవి రవికి బాబాయ్ ఆశీస్సులు.

అన్నయ్యకి, అదే మీ నాన్నకి, పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ విషయంలో వచ్చిన రిపోర్టులన్నీ చూశాను. "నాన్న ఎన్నేళ్లుంటారు?" అని అడిగావు. ఏళ్ల లెక్క ఏ రక్తపరీక్షలోనూ దొరకదురా. ల్యాబ్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి, ఆ కాగితాలు ఏం చెప్తాయో మాత్రం చెప్పగలను.

ముందు సీఈఏ, అంటే ఇలాంటి గడ్డలు రక్తంలోకి వదిలే ఒక ప్రోటీన్. చాలా ల్యాబుల్లో 5 లోపు నార్మల్. అన్నయ్యకు ఆపరేషన్‌కి ముందు 14. ముందే పెరిగి ఉన్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడం కాస్త ఎక్కువే, దాచను. కానీ ఆపరేషన్ తర్వాత అది దిగిందా లేదా అన్నదే అంతకంటే ముఖ్యం. గడ్డ మొత్తం తీసేస్తే నెల, నెలన్నరలో నార్మల్‌కి రావాలి. పదో రోజునే చేయించి కంగారుపడొద్దు. ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయించు. కిట్ మారితే అంకె మారుతుంది, అక్కడే సగం ఇళ్లలో టెన్షన్ మొదలయ్యేది. ఇంకోటి, అన్నయ్య చుట్ట మానేశాడా? పొగతాగినా, లివర్ పాడైనా సీఈఏ పెరుగుతుంది. కీమో నడిచేటప్పుడు కూడా కొన్నాళ్లు పెరిగి తగ్గొచ్చు. ఒకసారి పెరిగితే మళ్లీ చేయించాలి. వరసగా పెరుగుతూ పోతే ఆలస్యం చేయక డాక్టర్ని కలువు, స్కాన్ రాస్తారు. నార్మల్ ఉందని చెకప్‌లు ఎగ్గొట్టకు, కొన్ని గడ్డలు సీఈఏని అసలు వదలవు.

సీఆర్‌పీ, ఆల్బుమిన్ అనేవి కూడా రక్తంలో ఉండే ప్రోటీన్లే. సీఆర్‌పీ ఎక్కువగా, ఆల్బుమిన్ 3.5 కంటే తక్కువగా ఉంటే ఒంట్లో లోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్), నీరసం ఉన్నట్టు. ఆ రెండూ కలిసినవాళ్లు కోలుకోవడం కష్టమవుతుంది. అయితే ఆపరేషన్ అయిన వారంలో సీఆర్‌పీ ఎవరికైనా పెరుగుతుంది, దాన్ని బట్టి జబ్బు గురించి తేల్చుకోకు, డాక్టర్‌కి మాత్రం చూపించు. తెల్ల రక్తకణాల్లో రెండు రకాలైన న్యూట్రోఫిల్స్‌ని లింఫోసైట్స్‌తో భాగించి నెట్‌లో వెతుకుతున్నావట, మానెయ్. జ్వరం వచ్చినా, కీమోతో ఇచ్చే స్టెరాయిడ్ వేసినా ఆ లెక్క తారుమారవుతుంది.

వీటన్నిటికంటే ఆపరేషన్‌లో తీసిన భాగానికి చేసిన బయాప్సీ రిపోర్టు గట్టిది. కనీసం 12 లింఫ్ గ్రంథులు పరీక్షించారా, వాటిలో ఎన్నింటికి పాకింది, స్టేజీ ఎంత, ఇవి డాక్టర్ని అడిగి రాసుకో. సీఈఏ రెండేళ్లపాటు మూణ్నెల్లకో ఆర్నెల్లకో, తర్వాత ఐదేళ్లు నిండేదాకా ఆర్నెల్లకోసారి చేయిస్తారు. తేదీ, అంకె, ల్యాబ్ పేరు, అప్పుడు వేసుకుంటున్న మందులు ఒకే పుస్తకంలో ఉండాలి. ఆపరేషన్ అయిన ఏడాదికి కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష, తప్పనిసరి.

అన్నయ్యకు 52కే బయటపడింది కాబట్టి నీకూ చెల్లికీ 40 నిండగానే కొలనోస్కోపీ కావాలి. ఆ వయసు రాగానే మర్చిపోకుండా అపాయింట్‌మెంట్ తీసుకోండి.

ఇట్లు,
మీ బాబాయ్