అన్న సొమ్ము, తమ్ముడి పేరు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అన్నయ్య అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉంది. వదిన అమెరికా దేశస్థురాలు, ఆమెకు ఆ కార్డు లేదు. చెల్లెలు సింగపూర్‌లో భారత పాస్‌పోర్టుతోనే ఉద్యోగం చేస్తోంది. అందరం కలిసి బరంపురం శివార్లలో ఇరవై డిసిమిళ్ల (సెంట్ల) స్థలం కొని, అద్దె ఇళ్లు కట్టాలనుకుంటున్నాం. సొమ్ము నా ఖాతాకు పంపుతామని, రిజిస్ట్రేషన్ నా ఒక్కడి పేరనే చేయించి తరువాత పంచుకుందామని అన్నయ్య అంటున్నాడు. ఇది సరైన పద్ధతేనా?
- ఒక పాఠకుడు

జవాబు: కాదు. మీ అన్నగారు నమ్మకంతోనే ఆ మాట అని ఉంటారు గాని, చట్టం ఆ నమ్మకాన్ని లెక్కలోకి తీసుకోదు. ఆయన పంపే సొమ్ము నిజంగా మీకిచ్చిన కానుకే అయితే, తోబుట్టువు ఇచ్చినది కనుక దానిపై మీకు ఆదాయపు పన్ను ఉండదు. కాని అప్పుడు స్థలం మీదే అవుతుంది, ఆయనకు వాటా అడిగే హక్కు మిగలదు. కానుక కాదు, ఆయన కోసమే మీ పేర కొన్నామంటారా, అది 1988 నాటి బినామీ చట్టం పరిధిలోకి పోతుంది. తోబుట్టువులకు ఆ చట్టంలో మినహాయింపు లేకపోలేదు. అయితే ఇద్దరి పేర్లూ ఉమ్మడి యజమానులుగా పత్రంలో కనిపించాలి, చెల్లించిన సొమ్ము ఎక్కడిదో తెలియాలి. 2016 సవరణ తరువాత, ఆస్తి జప్తుతో పాటు ఏడేళ్ల వరకు జైలుశిక్షకూ అవకాశం ఉంది.

కాబట్టి విక్రయ పత్రంలోనే ముగ్గురి పేర్లూ, ఎవరు ఎంత పెట్టారో, ఎవరి వాటా ఎంతో వ్రాయించండి. ఒప్పందమేదీ లేనప్పుడు పెట్టుబడిని బట్టి, అదీ తేలనప్పుడు సమానంగా వాటాలుంటాయని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతుంది గాని, అంతదాకా వెళ్లిన కుటుంబాలు సాధారణంగా కోర్టు మెట్లు ఎక్కినవే. వాటాలు తేలి ఉంటే అద్దెపై పన్ను కూడా ఎవరిది వారికే లెక్కిస్తారు. అన్నగారు, చెల్లెలు తమ ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ ఖాతాల, అంటే ప్రవాసుల కోసం ఇక్కడి బ్యాంకులు తెరిచే ఖాతాల, నుంచి నేరుగా అమ్మకందారుకే చెల్లించాలి. రేపు తమ వాటా అమ్మి సొమ్ము తిరిగి తీసుకుపోవాలన్నప్పుడు బ్యాంకు అడిగేది ఈ కాగితాలనే.

ఇక అసలు చిక్కు భూమి కిసమ్‌తో, అంటే రికార్డులో అది ఏ రకం భూమిగా నమోదైందన్న దానితో, ఉంది. ఎన్‌ఆర్‌ఐలు గాని, ఓసీఐ కార్డుదారులు గాని వ్యవసాయ భూమి, తోట భూమి, ఫామ్‌హౌస్ కొనరాదు. వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. మీ పేరు పక్కన ఉన్నంత మాత్రాన ఈ నిషేధం తొలగదు. శివార్లలో ఇళ్ల స్థలాలని చూపించే వాటిలో పట్టాపై ఇంకా ‘శారద’ అని ఉన్నవి, అంటే వరి పొలాలు, ఉండవచ్చు. ఒడిశా భూసంస్కరణల చట్టంలోని 8ఎ సెక్షన్ కింద దానిని ‘ఘరబారి’గా, అంటే ఇళ్ల స్థలంగా, మార్పించి, కొత్త పట్టా చేతికొచ్చాకే కొనండి, అమ్మకందారు తరువాత మార్పిస్తానంటే బయానా కూడా ఇవ్వకండి. చవకని రాయగడ, కొరాపుట్ వైపు చూసేవారు, అవి షెడ్యూల్డు ప్రాంతాలని, అక్కడ ఆదివాసీ భూమి ఆదివాసేతరులకు బదిలీ కావడం 1956 నాటి రెగ్యులేషన్ ప్రకారం చెల్లదని గుర్తుంచుకోవాలి.

మీ వదినగారు పెళ్లి రిజిస్టరై, కొనుగోలుకు ముందు రెండేళ్లు నిరంతరాయంగా సాగి ఉంటే, భర్తతో కలిసి ఒక్క ఆస్తిలో, అదీ వ్యవసాయేతరమైన దానిలో, చేరవచ్చు.

రిజిస్ట్రేషన్‌కు రాలేనివారు అక్కడి భారత రాయబార కార్యాలయంలో అధికార పత్రం (పవర్ ఆఫ్ అటార్నీ) ధ్రువీకరింపజేసి పంపితే, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. అందులో కొనుగోలుకు, నిర్మాణానికి అధికారం తీసుకోండి. అమ్మే అధికారం అన్నగారు ఇస్తానన్నా వద్దనండి.