తడి నేల, జారే బూటు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

వానలు మొదలైన దగ్గర్నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో ఆటల బూట్ల పట్టు గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నాయి. వాటిలో ఒకే సంగతిని అడిగినవాటిని కలిపి, అయిదింటికి ఈ సంచికలో సమాధానం ఇస్తున్నాం.

ప్రశ్న: నేను రోజూ తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద పరుగెత్తుతాను. ఈమధ్య అడుగున లోతైన గాడులు, పెద్ద పెద్ద దిమ్మెలు ఉన్న ఖరీదైన బూట్లు కొన్నాను. కైలాసగిరి వైపు మట్టి దారిలో అవి బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. కానీ వాన పడిన రోజున మా అపార్ట్‌మెంటు గ్రానైటు మెట్ల మీద కాలు నిలవడం లేదు. మా నాన్నగారి కాన్వాసు బూట్ల సోల్ చూస్తే దాదాపు చదును, సన్నని గీతలు తప్ప ఏమీ లేవు. అవి మాత్రం అదే మెట్ల మీద జారడం లేదు. గాడి ఎంత లోతుగా ఉంటే పట్టు అంత ఎక్కువ అనుకోవడం పొరపాటా? (లాసన్స్ బే కాలనీ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పొరపాటే, కానీ చాలామంది, కొందరు దుకాణదారులతో సహా, అలాగే అనుకుంటారు. పట్టు అనేది బూటుకు మాత్రమే చెందిన గుణం కాదు. సోల్, నేల, ఆ రెండింటి మధ్య చిక్కుకున్న పదార్థం, ఈ మూడూ కలిస్తేనే పట్టు ఎంతో తేలుతుంది. మట్టి దారిలో ఆ మధ్య పదార్థం మెత్తని బురద. దిమ్మెలు అందులోకి దిగబడి, అడుగున ఉన్న గట్టి నేలను అందుకుంటాయి. ఇటలీకి చెందిన పర్వతారోహకుడు విటాలే బ్రమానీ 1935లో ఆల్ప్స్ పర్వతాల్లో ఆరుగురు సహచరులను పోగొట్టుకున్న తర్వాత, పిరెల్లీ సంస్థ సహాయంతో 1937లో దిమ్మెల రబ్బరు సోల్‌ను రూపొందించింది అలాంటి ఎగుడుదిగుడు నేలల కోసమే. నున్నటి గ్రానైటులో దిగబడటానికి చోటేదీ? అక్కడ నేలను తాకేది దిమ్మెల పైభాగాలు మాత్రమే కాబట్టి, రబ్బరు ఆనే వైశాల్యం తగ్గిపోతుంది. పైగా ఇలాంటి బూట్లలో రాళ్ళ రాపిడికి త్వరగా అరిగిపోకూడదని తరచు గట్టి రబ్బరు వాడతారు. తడి గ్రానైటుకు అది రెండో ఇబ్బంది.

తడి మెట్టు మీద అడుగు పడ్డప్పుడు జరిగేది ఇది. మడమకూ రాయికీ మధ్య పలుచని నీటి పొర చిక్కుకుంటుంది. తడి కంచం మీద మరో కంచం పెట్టి కదిపితే రెండూ ఒకదాని మీద ఒకటి ఎలా జారిపోతాయో, ఆ పొర ఉన్నంతసేపూ సోల్ కూడా రాయిని తాకకుండా నీటి మీదే తేలుతుంది. శరీరం బరువు ఆ నీటిని పక్కలకు నెట్టేయాలి, అదీ మడమ నేలకు ఆనిన తర్వాత సెకనులో ఒకటి రెండు పదో వంతుల కాలంలోనే జరిగిపోవాలి, ఎందుకంటే ప్రమాదకరంగా ముందుకు జారేది ఆ క్షణంలోనే. ఇలా రెండు తలాల మధ్య నలిగే ద్రవం ఎంతసేపటికి బయటికి పోతుందో లెక్కగట్టే సిద్ధాంతాన్ని బ్రిటిష్ శాస్త్రవేత్త ఆస్బోర్న్ రేనాల్డ్స్ 1886లో ప్రకటించారు. దాని ప్రకారం పొరను సగానికి పలచన చేయాలంటే నాలుగు రెట్ల కాలం పడుతుంది. గుండ్రని రబ్బరు ముక్క ఒకటి నేలకు ఆనిందనుకుంటే, అదే బరువు మీద దాని వ్యాసార్థం రెట్టింపైనప్పుడు నీరు పోవడానికి పదహారు రెట్ల కాలం కావాలి. అంత పెద్ద ముక్కనే, మొత్తం వైశాల్యాన్ని తగ్గించకుండా, నాలుగు చిన్న ముక్కలుగా విడదీసి మధ్యలో దారులు వదిలితే కాలం నాలుగో వంతుకు పడిపోతుంది. మీ నాన్నగారి బూట్ల సన్నని గీతలు చేస్తున్న పని సరిగ్గా ఇదే. వాటికి లోతుతో పనిలేదు, సంఖ్యతోనే పని.

ఈ సూత్రం బూట్లలోకి వచ్చిన కథ చెప్పకుండా ఉండలేను. అమెరికాకు చెందిన పాల్ స్పెర్రీకి పడవలంటే ఇష్టం. తన కుక్క మంచు మీద జారకుండా పరుగెత్తడం చూసి, దాని పాదాల అడుగున ఉన్న సన్నని పగుళ్ళను గమనించి, 1935లో రబ్బరు సోల్‌ మీద అలాంటి గాట్లు పెట్టారు. తడి పడవల మీద తిరిగేవారు ఈనాటికీ వాడే బూటు అలా పుట్టింది.

నేల సంగతి కూడా చూడండి. తడి కాంక్రీటు మీద మీరు ఇంతగా జారరు. కంటికి కనిపించని గరుకు మొనలు నీటి పొరను చీల్చుకుని పైకి వస్తాయి, రబ్బరు వాటి చుట్టూ నొక్కుకుని, వెంటనే మళ్ళీ సాగలేక, శక్తిని లోపలే పోగొట్టుకుంటుంది. అదే మనకు పట్టుగా అందుతుంది. నీళ్ళు పడే నేలల్లో గరుకు మొనల ఎత్తు 20 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పైబడి ఉంటే జారే అవకాశం తక్కువనీ, 10 మైక్రాన్ల లోపైతే ఎక్కువనీ బ్రిటన్‌లోని భద్రతా సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. అద్దంలా మెరిసే గ్రానైటు ఈ రెండో కోవలోకే వస్తుంది. కనుక మీ భవన సంఘం వారు ఆ మెట్ల అంచులకు గరుకు పట్టీలు వేయించుకోవడం, ఎవరి బూట్లు ఎలాంటివైనా, అందరికీ మేలు చేస్తుంది. బీచ్ రోడ్డు పక్క కాలిబాట మీద గాలికి ఎగిరివచ్చే ఇసుక గురించి కూడా ఒక మాట. గట్టి నున్నటి పలకల మీద పొడి ఇసుక రేణువులు బూటు కింద దొర్లి, నీరు లేకుండానే కాలును జార్చేస్తాయి. దానికి ఏ సోల్‌లోనూ పూర్తి విరుగుడు లేదు, అక్కడ వేగం తగ్గించుకోవడమే దారి.

ప్రశ్న: ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. తడి నేల మీద జారని ఆటల బూటు అడుగుభాగాన్ని రూపొందించడం నా చివరి సంవత్సరం ప్రాజెక్టు. దేనితో మొదలుపెట్టాలి? ప్రయోగశాల యంత్రం లేకుండా పరీక్షించే మార్గం ఉందా? (పెదవాల్తేరు నుంచి ఒక విద్యార్థి)

జవాబు: మీరు మొదలుపెట్టాల్సింది గాడుల బొమ్మతో కాదు, రబ్బరుతో. చాలామంది విద్యార్థులు కంప్యూటరు మీద అందమైన నమూనా గీసి, చివర్లో ఏదో ఒక రబ్బరు పోయిస్తారు. ఫలితం రాకపోవడానికి చాలాసార్లు కారణం అదే. సహజ రబ్బరు బంతినీ బ్యూటైల్ రబ్బరు బంతినీ ఒకే ఎత్తు నుంచి వదిలి చూడండి. మొదటిది ఎగిరి పడుతుంది, రెండోది దాదాపు చతికిలపడుతుంది. ఎగరనిది శక్తిని లోపలే దిగమింగుతోందన్నమాట. పైన చెప్పిన గరుకు నేల పట్టు ఆ గుణం నుంచే వస్తుంది. కొండరాళ్ళు ఎక్కేవారి బూట్లకు అలాంటి రబ్బరును ఎంచుకోవడంలో మర్మం ఇదే. అయితే అది మాత్రమే వాడితే సోల్ త్వరగా అరుగుతుంది, పరుగులో కాలికి బరువుగా తోస్తుంది, అందుచేత పాళ్ళు కుదర్చడంలోనే నేర్పంతా ఉంది. రబ్బరులో కలిపే పూరక పదార్థం కూడా ముఖ్యమైనదే. కార్ల టైర్లలో కార్బన్ బ్లాక్‌కు (నల్లటి మసి పొడికి) బదులు సిలికాను ఎక్కువ పాళ్ళలో కలపడం 1990ల ఆరంభంలో ఊపందుకుంది. అరుగుదల పెరగకుండా తడి రోడ్డు మీద పట్టు మెరుగుపడటం అప్పుడు తెలిసివచ్చింది, అదే కిటుకు బూట్లలోకీ చేరింది. గట్టిదనాన్ని షోర్ ఏ కొలమానంలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ రబ్బరు అంత గట్టిది. ఆటల బూట్ల అడుగున సాధారణంగా 55 నుంచి 70 వరకు ఉంటుంది. నున్నటి తడి నేల మీ లక్ష్యమైతే 55 దగ్గర మొదలుపెట్టండి.

మడమ వెనుక భాగాన్ని విడిగా ఆలోచించండి. నడకలో మడమ వెనుక అంచే ముందుగా నేలను తాకుతుంది, ముందుకు జారడం అక్కడే మొదలవుతుంది. అక్కడ గాట్లు దగ్గరదగ్గరగా, అంచు దాకా తెరుచుకుని ఉండాలి. నీరు వెళ్ళే దారి మధ్యలో మూసుకుపోయిన నమూనాలు చూడముచ్చటగా ఉంటాయి గానీ పనికిరావు. గాట్ల మధ్య రబ్బరు పలకలు మరీ సన్నగా ఉంటే వంగిపోయి, అంచు మీద మాత్రమే నిలబడతాయన్నది కూడా గుర్తుంచుకోండి.

పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 13287. అందులో బూటును మడమ మీద 7 డిగ్రీల వాలుతో, 500 న్యూటన్ల భారంతో నొక్కి, సెకనుకు 0.3 మీటర్ల వేగంతో జార్చి ఘర్షణ గుణకాన్ని, అంటే పట్టు ఎంతో చెప్పే సంఖ్యను, కొలుస్తారు. నేల మీద సబ్బునీరు గానీ గ్లిజరిన్ గానీ పోస్తారు. గ్లిజరిన్ ఎందుకంటారా? అది నీటి కన్నా వందల రెట్లు చిక్కన, కాబట్టి అంత నిదానంగా బయటికి పోతుంది. వంటనూనెకే నీటి కన్నా యాభై రెట్ల చిక్కదనం ఉంటుంది. హోటల్ వంటగదిలోనూ ఫిషింగ్ హార్బరు గట్టు మీదా నీళ్ళకు ఆగిన బూటు జారిపోవడానికి కారణం ఇందులోనే ఉంది.

కళాశాలలో చేయదగిన పద్ధతి ఇది. బూటులో ఇసుక సంచి పెట్టి మొత్తం బరువు తూచండి. సబ్బునీరు పోసిన నేలపలక మీద దాన్ని పెట్టి, స్ప్రింగు త్రాసు కొక్కేన్ని మడమ ఎత్తులో తగిలించి, నేలకు సమాంతరంగా, ఒకే వేగంతో లాగండి. జారుతున్నప్పటి రీడింగును బరువుతో భాగిస్తే వచ్చేదే ఘర్షణ గుణకం. చదునైన నేల మీద మామూలు నడకకు దాదాపు 0.2 చాలు, హఠాత్తుగా మలుపు తిరిగే ఆటలకు అంతకు ఎన్నో రెట్లు కావాలి. ఇందులో రెండు చోట్ల జాగ్రత్తపడాలి. బూటు పెట్టిన వెంటనే లాగాలి. కాసేపు ఆగితే నీరంతా పోయి, లేని పట్టు ఉన్నట్టు కనిపిస్తుంది. కొత్త సోల్ మీద అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన మందు తాలూకు జిడ్డు పొర ఉంటుంది, సన్నని ఉప్పుకాగితంతో ఒకసారి రుద్ది, కడిగి, ఆరబెట్టాక పరీక్షించండి. కొత్త బూట్లు మొదటి కొద్ది రోజులు జారుతున్నాయని ఫిర్యాదు చేసేవారికి కూడా ఈ చిట్కా చెప్పవచ్చు.

ప్రశ్న: మా అమ్మాయి ఇండోర్ స్టేడియంలో చెక్క కోర్టు మీద బ్యాడ్మింటన్ నేర్చుకుంటోంది. రన్నింగ్ షూస్‌తోనే ఆడుతోంది. పక్కకు కదిలినప్పుడల్లా జారుతోంది, నీళ్ళేమీ లేవు. (సీతమ్మధార నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, అక్కడ నీరు చేసే పనిని దుమ్ము చేస్తోంది. చెక్క కోర్టుకు చదునుగా, మెత్తగా ఉండే గమ్ రబ్బరు సోల్ కావాలి. రబ్బరు నేలను ఎంత ఎక్కువ మేర తాకితే అంత పట్టు. దాని మీద దుమ్ము పేరుకుంటే ఆ తాకిడే పోతుంది. ఆటకు ముందూ మధ్యలోనూ తడిగుడ్డతో సోల్ తుడిచి, పొడిగుడ్డతో అద్దమనండి. ఆ బూట్లు వేసుకుని రోడ్డు మీదికి రాకూడదు, కోర్టు దగ్గరే మార్చుకోవాలి. రన్నింగ్ షూస్ మడమ ఎత్తుగా, పక్కలు మెత్తగా ఉంటాయి కాబట్టి, పట్టు దొరికినా పక్కకు ఆగినప్పుడు చీలమండ మడతపడే ప్రమాదం ఉంది. జారడం కన్నా నాకు అదే ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది, బూట్లు మార్చడం వాయిదా వేయకండి.

ప్రశ్న: స్నేహితులం కలిసి బొర్రా దగ్గర కటికి జలపాతానికి వెళ్తున్నాం. పాచి పట్టిన రాళ్ళ మీద జారని బూట్లు ఏవి? (గాజువాక నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అలాంటి రబ్బరు బూటు లేదు. పాచి రాయికి అంటుకున్న జిగురు పొర. నీరు పక్కకు పోయినట్టు అది పోదు, మీ బరువుకు నలిగి ఇంకా జారుడుగా మారుతుంది. విదేశాల్లో వాగుల్లో చేపలు పట్టేవారు ఉన్ని నొక్కి చేసిన అడుగులు గానీ ఇనుప మేకులు గానీ ఉన్న బూట్లు వాడతారు. ఆ ఉన్ని తడి ఆరక, ఒక వాగులోని నాచును మరో వాగుకు మోసుకుపోతుందని న్యూజిలాండ్ 2008లో దాన్ని నిషేధించింది కూడా. మీరు మెత్తని రబ్బరు అడుగున్న ట్రెక్కింగ్ బూట్లతో దారిలో నడవండి, ఆకుపచ్చగానో నల్లగానో మెరిసే రాయి మీద మాత్రం కాలు పెట్టకండి. ఫొటో కోసం అసలే వద్దు.

ప్రశ్న: రెండేళ్ళుగా పెట్టెలోనే దాచిన ఖరీదైన స్పోర్ట్స్ షూస్ ఈ వారం తొడుక్కుంటే సోల్ ఊడివచ్చింది. వాడనే లేదు, ఎలా పాడయ్యాయి? అతికిస్తే మళ్ళీ పట్టు ఉంటుందా? అసలు బూట్లు ఎప్పుడు మార్చాలో ఎలా తెలుస్తుంది? (మధురవాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: వాడకపోవడం వాటిని కాపాడలేదు. కొన్ని బూట్ల మధ్యపొర పాలీయురిథేన్‌తో చేస్తారు. గాలిలోని తేమ ఆ పదార్థపు బంధాలను నెమ్మదిగా తెంపుతుంది, సముద్రపు ఉక్కపోత ఉన్న మన ఊళ్ళో ఈ పని ఇంకా వేగంగా జరుగుతుంది. మూసిన పెట్టెలో తేమ బయటికి పోదు కాబట్టి ఆరుబయటి కన్నా అక్కడే నష్టం ఎక్కువ. అడుగు రబ్బరు కూడా ఏళ్ళ తరబడి వేడికీ గాలికీ గట్టిపడి పట్టు పోగొట్టుకుంటుంది. మార్చే సమయానికి పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక సులువైన గుర్తు చెప్పారు. మడమ దగ్గర గాట్లు పూర్తిగా అరిగి నున్నబడిన మచ్చ పెన్సిల్ బ్యాటరీ (ఏఏ సైజు) అడుగు కన్నా పెద్దదైతే ఆ జతను మార్చాలి. మొదటి జవాబులో చెప్పిన లెక్క ప్రకారం నున్నటి మచ్చ పెరిగేకొద్దీ నీరు బయటికి పోయే కాలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. మీ జత విషయానికి వస్తే, అతికించే ముందు మధ్యపొరను బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. నొక్కినచోట పొడిగా రాలితే ఏ జిగురూ నిలవదు, చెప్పులు కుట్టేవారికి ఇచ్చి డబ్బు వృథా చేసుకోకండి. పొర గట్టిగానే ఉండి అంచు మాత్రమే విడిపోయి ఉంటే అతికించి నడకకు వాడుకోవచ్చు, పరుగుకు మాత్రం వద్దు.