ఎంపిక పిల్లలకి అప్పగించే ముందు

అమ్మలూ,

పిల్లలు సొంతంగా కూర్చిన నృత్యాలతో నువ్వు పెట్టే స్టూడెంట్ కొరియోగ్రఫీ షోలో ఏ ఐటమ్స్ ఉండాలో ఈసారి పిల్లలచేతే ఎంపిక చేయిస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. విన్నప్పటినుంచి ఒక పక్క గర్వం, ఒక పక్క టెన్షన్. మా రోజుల్లో టీచర్లం నలుగురం కుర్చీలు వేసుకుని కూర్చుని, కాగితం మీద టిక్కులు పెట్టి, తలుపుకి లిస్టు అంటించేవాళ్లం. ఒకటి ఎందుకు వచ్చిందో, ఇంకొకటి ఎందుకు రాలేదో పిల్లలకి తెలిసేది కాదు. చూడటం కూడా నేర్పాల్సిన విద్యే అని నీకు తోచింది. మాకు తోచలేదు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. షో మొత్తం ఎంతసేపో, ఒక్కో ఐటమ్ ఎన్ని నిమిషాలు దాటకూడదో మొదటే చెప్పు. పాట వాడుకోవడానికి అనుమతి దొరుకుతుందో లేదో ఎంపికకు ముందే చూడమను. వీడియోలు చూసి ఎంచనివ్వకు, మంచి ఫోన్, మంచి వెలుతురు ఉన్నవాళ్లదే బాగున్నట్టు కనిపిస్తుంది. అందరివీ ఒకే గదిలో, మామూలు లైట్ల కింద, ప్రాక్టీసు బట్టల్లోనే చూడండి. ఏది ముందో ఏది వెనకో చీటీలు తీయండి. వీలైతే ఇంకో రోజు వరస తిరగేసి మళ్లీ చూడండి. చివర చూసింది మనసులో నిలిచిపోతుంది, మొదట చూసినదానికి అన్యాయం జరుగుతుంది.

ఇక ఓటింగ్ సంగతి. అసలు ఈ ఉత్తరం రాస్తున్నదే దాని గురించి.

నేను కొత్తగా పనిలో చేరిన చోట ఒక టీచర్ ఇలాగే పిల్లలకి ఎంపిక అప్పగించారు. మంచి మనిషి, మంచి ఉద్దేశమే. అన్నీ చూడటం అయ్యాక అందరినీ నేల మీద కూర్చోబెట్టి, ఒక్కో ఐటమ్ పేరు చదువుతూ, "ఇది ఉండాలన్నవాళ్లు చెయ్యెత్తండి" అన్నారు. పన్నెండు మంది ఆడే గ్రూప్ ఐటమ్ ఒకటి ఉంది. దాని పేరు చదవగానే ఆ పన్నెండు చేతులూ లేచాయి. వాళ్లని చూసి వాళ్ల స్నేహితులవి లేచాయి. తర్వాత ఇద్దరే ఆడే ఐటమ్ వచ్చింది. దాన్ని కూర్చిన అమ్మాయి పెద్దగా మాట్లాడే పిల్ల కాదు. అందులో పాట లేదు, అడుగుల చప్పుడే తాళం. ఒకామె తన బరువంతా రెండో ఆమె భుజానికి ఆనించి నిలబడుతుంది. రెండో ఆమె కొంచెం కొంచెంగా పక్కకి జరిగిపోతుంది. మొదటి ఆమె ఒరిగిన తీరు మాత్రం మారదు, ఆనుకోవడానికి అక్కడ ఎవరూ లేకపోయినా. అంత చిన్న వయసులో ఆ ఊహ ఎలా వచ్చిందా అని నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. దానికి లేచిన చేతులు మూడు. ఆ పిల్ల స్నేహితురాలు చెయ్యి సగం ఎత్తి, చుట్టూ చూసి, దించేసుకుంది. అది కూడా ఆ అమ్మాయి చూసింది.

ఆ తర్వాత తను అక్కడున్నన్నాళ్లూ ఇతరుల ఐటమ్స్‌లో ఆడింది. సొంతంగా ఇంకొకటి చేయలేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు, నిజమే. నీ ఐటమ్‌లో మేం ఏం చూశామో ఇదీ అని చెప్పినవాళ్లు కూడా లేరు. పిల్లలు చెడ్డవాళ్లు కారు అమ్మలూ. చేతులెత్తే పద్ధతిలో లెక్కకొచ్చింది ఐటమ్ ఎలా ఉందన్నది కాదు, అందులో ఎంతమంది ఆడుతున్నారన్నది. అలా చేస్తే సోలోలు ఎప్పటికీ గెలవవు.

కాబట్టి నా మాట విను. తాము చేసిన ఐటమ్‌కి గానీ, ఆడుతున్నదానికి గానీ ఎవరూ ఓటు వేయకూడదు. చేతులెత్తడం అసలే వద్దు, చీటీల మీద రాయించు. ప్రతి చీటీలోనూ తాను కంటితో చూసినది ఒక వాక్యం రాయాలి. "బాగుంది" అని రాస్తే చీటీ వెనక్కి ఇచ్చెయ్యి. దేన్ని చూసి ఎంచాలో కూడా పిల్లలతోనే ముందు మాట్లాడి తేల్చు. ఊహ కొత్తగా ఉండటమా, పని పూర్తయి ఉండటమా, ఆడేవాళ్ల నైపుణ్యమా? ఇది కొరియోగ్రఫీ షో కదా, నైపుణ్యం ఆఖరున రావాలని నా అభిప్రాయం. వాళ్లు ఒప్పుకోకపోతే వాదించుకోనీ.

ఎంపికకు కొన్ని వారాల ముందు ఒకసారి సగం పనిని అందరికీ చూపించే రోజు పెట్టు. అమెరికన్ కొరియోగ్రాఫర్ లిజ్ లెర్మన్ 1990లో మొదలుపెట్టిన పద్ధతి దీనికి బాగా పనికొస్తుంది. మొదట చూసినవాళ్లు తమకి ఏది తాకిందో చెబుతారు. తర్వాత చేసినవాళ్లు తమ సందేహాలు అడుగుతారు. ఆపైన చూసినవాళ్లు ప్రశ్నలు వేస్తారు, అందులో అభిప్రాయం దాగి ఉండకూడదు. "ఇంత సాగదీశావేం?" అని కాకుండా "ఈ నెమ్మదితో ఏం చూపించాలనుకున్నావు?" అని అడగాలి. అభిప్రాయాలు చివర్లో, అదీ చేసినవాళ్లు వింటామంటేనే. మొదట్లో పిల్లలకి నోరు కట్టేసినట్టు ఉంటుంది. ఒకటి రెండుసార్లయ్యాక ఎంత సూక్ష్మంగా చూస్తారో నువ్వే చూస్తావు.

నిన్ను ఒక విషయంలో కోప్పడాలి. చిన్నప్పుడు హాల్లో కుర్చీలు జరిపి, చెల్లెళ్లకి అడుగులు నేర్పి, ముందు వరసలో ఎవరుండాలో వాళ్లనే అడిగేదానివి. వాళ్లు కొట్టుకుంటే నువ్వు ఏడ్చి, ఆఖరికి నీకు తోచినట్టే నిలబెట్టేదానివి. ఆ బుద్ధి ఇక్కడ పనికిరాదు. దెబ్బలు తగిలే ప్రమాదం, పాట అనుమతి, సమయం, ఇలాంటివాటిలో తుది మాట నీదే అనుకుంటే ఆ సంగతి మొదటి రోజే చెప్పు. మిగతాది వాళ్లకి వదిలాక మళ్లీ ముట్టుకోకు. నీకు నచ్చిన ఐటమ్ పడిపోయినా సరే. అడిగినట్టు అడిగి, వెనకాల లిస్టు మార్చావంటే పిల్లలు ఇట్టే పట్టేస్తారు. అంతకంటే అడగకపోవడమే నయం.

ఎంపికైనవాటి వరసను వాళ్లచేతే పెట్టించు. ఐటమ్‌కో కార్డు, కింద ఆడేవాళ్ల పేర్లు, నేల మీద పరిచి జరుపుకోమను. ఒకే అమ్మాయి వరసగా రెండింటిలో ఉందంటే బట్టలు మార్చుకునే టైము లేదని వాళ్లకే తెలుస్తుంది. మెల్లగా సాగేవన్నీ ఒకచోట చేరితే ఏమవుతుందో కూడా.

షోకి ఎంపిక కానివాళ్ల సంగతి రాయకుండా ఉత్తరం ముగించలేను. ఇవోన్ రైనర్, స్టీవ్ పాక్స్‌టన్ అనే నృత్య కళాకారులు న్యూయార్క్‌లో యువ కొరియోగ్రాఫర్ల ప్రదర్శన కోసం ఆడిషన్ ఇస్తే తీసుకోలేదు. తాము చదివిన కంపోజిషన్ (నృత్యం కూర్చడం) క్లాసులో చేసిన పనుల్ని 1962 జూలై 6న జడ్సన్ చర్చిలో తామే ప్రదర్శించారు. ఆధునిక నృత్య చరిత్రలో ఆ సాయంత్రానికి పెద్ద చోటుంది. అందుకని రానివాటికి స్టూడియోలోనే, లైట్లూ టికెట్లూ లేకుండా ఒక ప్రదర్శన పెట్టు. ఆ తేదీని ఎంపికకు ముందే ప్రకటించు, తర్వాత పెడితే ఓదార్పు బహుమతిలా ఉంటుంది.

ఫలితం మాత్రం పిల్లలు చెప్పకూడదు. లిస్టు బయటికి రాకముందే, రానివాళ్లని ఒక్కొక్కరినీ పిలిచి నువ్వే చెప్పు. చీటీల్లో వాళ్ల పని గురించి రాసిన మంచి వాక్యాలు పేర్లు లేకుండా ఒక కాగితం మీద రాసి చేతికివ్వు. దీనికి ఒక రోజంతా పడుతుంది, ఆ రోజు ఇంకే పనీ పెట్టుకోకు. ఎవరైనా ఏడిస్తే కంగారుపడి షోలో చోటిస్తానని మాటివ్వకు, పక్కన కూర్చో చాలు.

చీటీ నమూనా తయారుచేసి నాకు పంపు, చూసి చెబుతాను. వేళకి తిను.

నీ పెద్దమ్మ