మీ ప్రశ్నలు – మా జవాబులు: దీవుల అడవుల్లో కోతుల లెక్క

ప్రశ్న: మా వైపు నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళి స్థిరపడినవాళ్ళు చాలామంది. సునామీ తర్వాత నికోబార్ కోతులు బాగా తగ్గిపోయాయని వాళ్ళ నోట విన్నాను. ఒక కొమ్మ మీద నిలవని కోతుల్ని అంత చిక్కటి అడవిలో ఎలా లెక్కపెడతారు? చూసిన మందనే మళ్ళీ చూస్తే లెక్క రెట్టింపు అయిపోదా?
— ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: నికోబార్ పొడవుతోక కోతి గ్రేట్ నికోబార్, లిటిల్ నికోబార్, కచ్చాల్ దీవుల్లో తప్ప ఇంకెక్కడా లేదు. మన తీరంలో కనిపించే మొగలి జాతి చెట్లే అక్కడి ఒడ్డునా ఉంటాయి. వాటి కాయలంటే ఈ కోతులకు ప్రాణం. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంతో గ్రేట్ నికోబార్ దక్షిణపు కొస నాలుగు మీటర్లకు పైగా కుంగింది. తీరపు అడవి చాలావరకు ఉప్పునీళ్ళ పాలైంది. కాబట్టి మీరు విన్నది వట్టి పుకారు కాదు. కానీ ఎంత తగ్గాయో, మళ్ళీ ఎంత పుంజుకున్నాయో తేలాలంటే కళ్ళబడ్డవాటిని కూడితే సరిపోదు.

ఈ పనికి ఎక్కువగా వాడే పద్ధతి లైన్ ట్రాన్సెక్ట్. మ్యాపు మీద ముందే తిన్నని గీతలు గీసుకుని, అడవిలో వాటి వెంటే నడుస్తారు. ఎంత దూరం నడిచారు, ఎన్ని మందలు కనిపించాయి, ఒక్కో మంద గీతకి అడ్డంగా ఎన్ని మీటర్ల అవతల ఉంది, మందలో ఎన్ని ఉన్నాయి అన్నవి రాసుకుంటారు. వీటిలో అసలు కీలకం ఆ అడ్డదూరమే. గీత పక్కనే ఉన్న మంద తప్పిపోదు, యాభై మీటర్ల అవతలిది ఆకుల చాటున పోతుంది. దూరం పెరిగేకొద్దీ ఎన్ని తప్పిపోతున్నాయో ఆ అంకెలే చెబుతాయి. ఉదాహరణకి మొత్తం 150 కిలోమీటర్లు నడిస్తే 60 మందలు కనిపించాయి, లెక్క కట్టగా ఒక్కో పక్క 40 మీటర్ల మేర చూసినట్టు తేలింది అనుకోండి. అంటే చూసిన అడవి 12 చదరపు కిలోమీటర్లు, చదరపు కిలోమీటరుకి 5 మందలు. సగటు మందలో ఎన్ని కోతులో దాంతో హెచ్చవేస్తే సాంద్రత వస్తుంది.

ఇక మీ రెండో సందేహం. నిన్న చూసిన మందే ఇవాళ మళ్ళీ కనిపించినా నష్టం లేదు, ఎందుకంటే ఇవాళ నడిచిన దూరం కూడా లెక్కలో కలుస్తోంది. చిక్కల్లా ఒక్క నడకలోనే మంద మన ముందు నుంచి పారిపోయి, మళ్ళీ ముందర తగిలినప్పుడు. అందుకే గంటకి కిలోమీటరు మించకుండా, మధ్యమధ్య ఆగి చెవొగ్గి నడవాలి. మంద కదలక ముందు ఎక్కడుందో ఆ చోటికే దూరం కొలవాలి. వాన పడుతుంటే నడక మానేయడమే మంచిది. ఆకుల చప్పుడులో కోతి అలికిడి వినపడదు.

చాలా సర్వేలు చెడేది గీతల దగ్గరే. నడవడానికి సుఖమని ఉన్న కాలిబాటే పట్టుకుంటారు. బాట వాగు వెంటో గట్టు మీదో పోతుంది, వేటగాళ్ళూ అదే బాటన తిరుగుతారు. కోతులు బాటకి దగ్గరగానో దూరంగానో మెలగడం అలవాటు చేసుకుంటాయి, ఆ లెక్క దీవి మొత్తానికి పనికిరాదు. కొత్తగా తుప్పలు కొట్టి దారి తీసినా, అలికిడి సద్దుమణిగేదాకా రెండు మూడు రోజులు ఆ వైపు వెళ్ళకూడదు.

ప్రశ్న: గిబ్బన్లు (తోకలేని చిన్న వానరాలు) ఎత్తయిన చెట్ల కొసల్లో ఉంటాయి కదా, వాటికీ ఇదే పద్ధతా?
— డిగ్రీ జువాలజీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: గిబ్బన్లని కంటితో కన్నా చెవితో లెక్కపెట్టడం నయం. ఇండోనేషియాలోని మెంటవాయ్ దీవుల్లో ఉండే క్లాస్ గిబ్బన్లలో మగవి తెల్లవారకముందే పాడతాయి, ఆడవి పొద్దు పొడిచాక. ఒక కుటుంబానికి సాధారణంగా ఒక పెద్ద ఆడదే ఉంటుంది కనుక ఆడ గొంతుల్ని బట్టి కుటుంబాల లెక్క తేలుతుంది. కొన్ని వందల మీటర్ల ఎడంలో మూడు చోట్ల మనుషులు కూర్చుని, ఒక్కో పాటకి వేళ, దిక్సూచి చూపిన దిక్కు, అంచనా దూరం రాస్తారు. మ్యాపు మీద మూడు దిక్కుల గీతలు కలిసే చోటే ఆ కుటుంబం. గడియారాలు ముందే కలుపుకోకపోతే ఒక కుటుంబం రెండుగా లెక్కకెక్కుతుంది. ప్రతి కుటుంబమూ రోజూ పాడదు, గాలివాన ఉంటే అసలే పాడవు. అందుకని ఒకేచోట వరసగా కొన్ని ఉదయాలు వినాలి.

అదే దీవుల్లో ఉండే సిమకోబు అనే పొట్టితోక కొండముచ్చు వేట భయంతో మనిషి అలికిడికే బిగుసుకుని కూర్చుంటుంది. గీత మీదే ఉన్నా కనపడకపోవచ్చు. అలాంటి చోట వచ్చిన అంకెని కనీస సంఖ్యగానే చూడాలి.

ప్రశ్న: మందస కొండల పక్కన మా జీడితోటల్లో కోతులు దిగుతుంటాయి. మా కాలేజీ పిల్లలు అక్కడ ఈ పద్ధతి నేర్చుకోవచ్చా?
— ఒక అధ్యాపకుడు, పలాస

జవాబు: తప్పకుండా. తోట యజమానికి ముందే చెప్పండి, రిజర్వు ఫారెస్టులో అడుగు పెట్టాలంటే మాత్రం అటవీశాఖ అనుమతి ఉండాలి. గీత చెట్ల వరసల వెంట పోకూడదు. వరసల మధ్య చూపు చాలా దూరం సాగుతుంది, పక్కకి కొమ్మలు అడ్డుపడతాయి. వరసలకి ఏటవాలుగా గీయండి.

సామాను కొంచెమే: బైనాక్యులర్, దిక్సూచి, లేజర్ దూరమాపకం, జీపీఎస్ ఉన్న ఫోను, నోటుబుక్కు, పెన్సిలు. పెన్ను సిరా తడికి అలుక్కుపోతుంది. కోతి గీతకి 30 డిగ్రీల కోణంలో, మనం నిలబడ్డ చోటికి 40 మీటర్ల దూరాన ఉంటే అడ్డదూరం 20 మీటర్లు. కోణంలో 10 డిగ్రీలు అటూఇటూ అయితే అదే 14 మీటర్లో 26 మీటర్లో అయిపోతుంది, కాబట్టి కోణం కళ్ళంచనాతో రాయనివ్వకండి. 20 మీటర్ల ఎత్తున్న కోతికి గురిపెడితే లేజరు ఏటవాలు దూరం చూపిస్తుంది: 25 అని చూపినా నేల మీద దూరం 15 మీటర్లే. అందుకే దాని కింది చెట్టు మొదలుకి గురిపెట్టాలి. దగ్గరి ఆకుకి లేజరు తగిలినా తప్పుడు అంకె వస్తుంది, మూడుసార్లు కొలిపించండి. గీతకి దగ్గరగా ఉన్న మందల్ని "సున్నా మీటర్లు" అని రాసేయడం పిల్లల అలవాటు. రెండైతే రెండు, మూడైతే మూడు అనే రాయించండి.

అరవై, ఎనభై మందలైనా నమోదు కాకుండా సాంద్రత కట్టకండి. అంతకన్నా తక్కువ దొరికితే కిలోమీటరుకి ఎన్ని మందలు కనిపించాయో అంతవరకే రాసి, వచ్చే ఏడు అవే గీతల మీద, అదే కాలంలో, అదే వేళకి మళ్ళీ నడిపించండి.