మెత్తని మనసున్న అమ్మాయికి రిక్రూటర్ ఉద్యోగం సరిపడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీఏ హెచ్‌ఆర్ చివరి సెమిస్టర్ చదువుతోంది. ఒక కంపెనీ నుంచి రిక్రూటర్‌గా, అంటే ఉద్యోగాలకు మనుషులను వెతికి ఎంపిక చేసే పనికి, ఆఫర్ వచ్చింది. తనేమో అది వద్దంటోంది. 'ఎంప్లాయీ వెల్‌బీయింగ్' (ఉద్యోగుల క్షేమం)లో సర్టిఫికెట్ కోర్సు చేసి ఆ వైపే వెళ్తానంటోంది. చాలా మెత్తని మనిషి, ఎవరైనా గట్టిగా మాట్లాడితే తట్టుకోలేదు. రిక్రూటర్ అంటే టార్గెట్లు, టెన్షన్ అంటున్నారు. మరోవైపు, వచ్చిన ఉద్యోగానికి కృతజ్ఞతగా ఉండి మాట్లాడకుండా చేరిపొమ్మంటే వినడం లేదు. రెండింటిలో ఏది మంచిదో చెప్పండి.
– ఒక తండ్రి

జవాబు: మీరు రెండు దారుల గురించి అడిగారు గానీ, మీ బెంగంతా మూడో విషయం మీద ఉందండి. మెత్తని మనసున్న పిల్ల ఆఫీసుల్లో నెగ్గుకురాగలదా అన్నదే మీ భయం. ఇదే భయంతో రాసే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. నెగ్గుకొస్తుంది. ఈ పనిలోకి రాకముందు నేను చాలా ఏళ్లు రిక్రూటర్‌గా ఉన్నాను. అక్కడ పేరు తెచ్చుకున్నవాళ్లలో గట్టిగా మాట్లాడేవాళ్లకంటే ఓపిగ్గా వినేవాళ్లే ఎక్కువ. పాత ఉద్యోగం ఎందుకు మానేస్తున్నాడో, ఆఫర్ తీసుకున్నాక నిజంగా చేరతాడో లేదో అభ్యర్థి మనసు విప్పి చెప్పేది అలాంటివాళ్లకే. ఆ సంగతులు తెలియని రిక్రూటర్ ఎన్ని కాల్స్ చేసినా, జాయినింగ్ రోజున కుర్చీ ఖాళీగానే ఉంటుంది.

ఇక వెల్‌బీయింగ్ కోర్సు. ఇప్పుడు దీని మీద చాలా మోజుంది. కంపెనీల్లో హ్యాపీనెస్ ఆఫీసర్, వెల్‌నెస్ మేనేజర్ లాంటి హోదాలు కూడా వచ్చాయి. మనుషులకు మంచి చేయాలన్న మీ అమ్మాయి కోరిక మీద నాకు గౌరవమే. నా అనుమానమల్లా ఆ ఉద్యోగం చేతికిచ్చే పనిముట్ల మీద. సాధారణంగా ఆ విభాగం చేతిలో ఉండేవి ధ్యానం యాప్, ఒత్తిడిని తట్టుకోవడంపై వర్క్‌షాప్, నిద్ర గురించి ఒక వెబినార్. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం ఫ్లెమింగ్ 2024లో ప్రచురించిన అధ్యయనంలో, బ్రిటన్‌లోని 233 సంస్థల్లో పనిచేసే 46,336 మంది ఇచ్చిన సమాధానాలను పరిశీలించారు. ఇలాంటి కార్యక్రమాల్లో పాల్గొన్నవాళ్లు, పాల్గొననివాళ్ల కంటే మెరుగ్గా ఏమీ లేరు. కాస్త తేడా కనిపించింది స్వచ్ఛంద సేవకు అవకాశం దొరికినవాళ్లలో మాత్రమే.

ఎందుకిలా అంటే, మనిషిని అలసిపోయేలా చేసేది పని తీరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను, అంటే పనితో పూర్తిగా అలసి విసిగిపోవడాన్ని, వివరిస్తూ, అది పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడిని సరిగా సంభాళించకపోవడం వల్ల వచ్చేదని చెప్పింది. దాన్ని జబ్బుల కింద చేర్చలేదు, వృత్తికి సంబంధించిన పరిస్థితిగా గుర్తించింది. నలుగురి పని ఇద్దరి చేత చేయిస్తున్న చోట ఆ ఇద్దరికీ శ్వాస మీద ధ్యాస నేర్పితే ఏం ఒరుగుతుంది? ఆ మూడో మనిషిని, నాలుగో మనిషిని తీసుకోవాలని మేనేజర్‌కు గట్టిగా చెప్పగలిగే స్థానం కొత్తగా చేరిన వెల్‌నెస్ ఉద్యోగికి ఉండదు. పని ఎలా నడుస్తుందో తెలియకుండా, చదువు పూర్తికాగానే నేరుగా ఆ కుర్చీలో కూర్చుంటే, బాగుచేసే అధికారం లేని బాధలన్నీ రోజంతా వింటూ ఉండాలి. మెత్తని మనసున్న అమ్మాయికి టార్గెట్ల కంటే అదే ఎక్కువ బరువు అవుతుందేమోనని నా భయం.

రిక్రూటర్ చేతిలో ఉన్న శక్తిని మాత్రం బయటివాళ్లు తక్కువగా చూస్తారు. ఉద్యోగి క్షేమం మొదలయ్యేది చేరకముందే. షిఫ్టులు ఎలా ఉంటాయి, ఇంతకుముందు ఆ సీటులో ఉన్నవాళ్లు ఎందుకు వెళ్లిపోయారు, ప్రమోషన్ ఆశలో నిజమెంత అన్నవి ఇంటర్వ్యూలోనే చెబితే, చేరాక మోసపోయానన్న బాధ ఉండదు. ఎంపిక కానివాళ్లకు ఆ మాట మర్యాదగా, సమయానికి చెప్పడం కూడా ఆ చేతుల్లోనే ఉంది. ఫలితం తెలియక వారాల తరబడి ఫోన్ చూసుకునేవాళ్ల అవస్థ మీకు చెప్పనక్కర్లేదు. అభ్యర్థులందరినీ ఒకే ప్రశ్నలు ఒకే వరుసలో అడిగి, ఒకే కొలమానంతో మార్కులు వేస్తే, తోచినట్టు కబుర్లాడి తీసుకోవడం కంటే మెరుగైన ఎంపిక జరుగుతుందని నియామకాల మీద జరిగిన పరిశోధనలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. ఆ పద్ధతిలో నోరు తిరగని పిల్లలకు కూడా న్యాయం జరుగుతుంది. మీ అమ్మాయి చేయాలనుకుంటున్న మంచి ఇదే కదా!

టార్గెట్ల సంగతి నిజమే, దాచను. నెలాఖరులో ఒత్తిడి ఉంటుంది, ఆఫర్ తీసుకున్నవాళ్లు చివరి నిమిషంలో చేరకుండా మొహం చాటేస్తారు. మొదటి కొన్ని నెలలు మీ అమ్మాయి ఇంటికొచ్చి ఏడ్చినా ఏడవవచ్చు. అప్పుడు 'ముందే చెప్పాను కదా' అనకండి.

మీ ఉత్తరంలో నాకు కష్టం కలిగించిన మాట ఒకటుంది. 'వచ్చిన ఉద్యోగానికి కృతజ్ఞతగా ఉండి మాట్లాడకుండా చేరిపొమ్మన్నాం' అన్నారు. అలా ఎందుకు నేర్పుతున్నారండీ? కంపెనీ జీతం ఇస్తుంది, మీ అమ్మాయి పని ఇస్తుంది. అందులో దయాభిక్ష ఏమీ లేదు. ఆ మాట నమ్మిన పిల్లలు ఇంటర్వ్యూలో నా ఎదురుగా కూర్చునేవారు. పని గంటలు అడగరు, ఆఫర్ లెటర్ చదవరు, బాండ్ ఉందో లేదో చూడరు. చేరాక ఆదివారం కూడా రమ్మంటే కాదనలేరు. ఆ నోరు ముందు మూయించింది ఇంట్లోవాళ్లే.

కృతజ్ఞత మంచి గుణమే. మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో 2003లో ప్రచురించిన ప్రయోగాల్లో, తమకు జరిగిన మేళ్లను క్రమం తప్పకుండా రాసుకున్నవాళ్లు, చిరాకులను రాసుకున్నవాళ్ల కంటే జీవితం పట్ల ఎక్కువ సంతృప్తితో ఉన్నట్టు తేలింది. అయితే దేనికి కృతజ్ఞత అనిపించిందో అక్కడ వాళ్లే ఎంచుకున్నారు, ఎవరూ బలవంతం చేయలేదు. ఆఫీసులోనూ అంతే. 'నువ్వు ఆ రోజు ఆ అభ్యర్థితో మాట్లాడిన తీరు వల్ల టీమ్ నిలబడింది' అని మేనేజర్ పేరు పెట్టి చెబితే మనిషి ఏళ్ల తరబడి గుర్తుంచుకుంటాడు. అందరికీ ఒకేసారి పంపిన థాంక్యూ మెయిల్ సాయంత్రానికి మర్చిపోతాడు. పని పెంచి, మనిషిని తగ్గించి, పైన థాంక్స్ చెబితే అది కోపం తెప్పిస్తుంది.

అందుకని నా సలహా: రిక్రూటర్ ఆఫర్ వదులుకోవద్దు. వెల్‌బీయింగ్ కోర్సు రెండు మూడేళ్లు ఆగితే కొంపలేమీ మునగవు. అప్పటికి మనుషులు ఎందుకు చేరతారో, ఎందుకు వెళ్లిపోతారో తెలిసి ఉంటుంది, తన మాట వినే మేనేజర్లూ ఉంటారు. చేరేముందు మీ అమ్మాయినే ఆ కంపెనీకి ఫోన్ చేయమనండి. ఒక్కో రిక్రూటర్‌కు ఒకేసారి ఎన్ని పొజిషన్లు ఇస్తారు, రిజెక్ట్ అయినవాళ్లకు ఎవరు చెబుతారు, చేరినవాళ్లు ఆరు నెలల్లో మానేస్తే కారణం ఎవరు కనుక్కుంటారు అని అడగమనండి. సమాధానాలు దాటవేస్తే ఇంకో కంపెనీ చూసుకోవచ్చు. ఆ ఫోన్ మాట్లాడేటప్పుడు మీరు పక్కన కూర్చోకండి.