నలుగురికీ చెప్పుకోవడానికి పేరు లేని ఉద్యోగం

మంచిర్యాల నుంచి ఒక తండ్రి రాశారు. సింగరేణిలో ఉద్యోగం. అమ్మాయి హైదరాబాద్‌లో బీఎస్సీ స్టాటిస్టిక్స్ చివరి ఏడాది చదువుతోంది. ప్రపంచ లెక్కలను కదిలే బుడగల గ్రాఫులతో చెప్పిన స్వీడన్ ప్రొఫెసర్ హాన్స్ రోస్లింగ్ వీడియో రెండేళ్ల కిందట చూసిందట. అప్పటి నుంచి ప్రపంచ దేశాల ఆరోగ్యం, చదువు, పేదరికం లెక్కలను మ్యాపులు, గ్రాఫిక్స్‌గా చూపించే పనే చేస్తానంటోంది. ‘అమీర్‌పేటలో ఆరు నెలల డేటా సైన్స్ కోర్సు చేయించాలా, అప్పు చేసి అమెరికాకు ఎంఎస్‌కు పంపాలా, ఈ బొమ్మలు గీసే లైన్‌లోనే వదిలేయాలా? మూడూ పోల్చి చెప్పండి. మా బంధువుల్లో ఈ పని చేసేవాళ్లు ఒక్కరూ లేరు. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు’ అని ఆయన అడుగుతున్నారు. టైమ్ ఎంత వృథా చేస్తోందో చూడమని, అమ్మాయి తయారుచేసిన రెండు మ్యాపులు కూడా జతచేశారు.

సర్, మీ ఉత్తరంలో అసలు బాధ చివరి మాటలో ఉంది. కోర్సు పేరు మారుతుంది, ఊరు మారుతుంది, కానీ ఈ మాట మాత్రం నాకు వచ్చే ప్రతి మూడో ఉత్తరంలో ఉంటుంది. పెళ్లిలో పక్కన కూర్చున్నాయన ‘అమ్మాయి ఏం చేస్తోంది?’ అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పగలిగే జవాబు కావాలి. సాఫ్ట్‌వేర్ అంటే చాలు, ఇంకో ప్రశ్న ఉండదు. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ ఆ పక్కనాయన కోసం మీ అమ్మాయి నలభై ఏళ్లు ఉద్యోగం చేయడం కుదరదు కదా.

మీరు పంపిన మ్యాపుల్లో రెండోది తెలంగాణ జిల్లాల్లో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లల శాతం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోని 2015-16 లెక్కలు ఒక పక్క, 2019-21 లెక్కలు ఇంకో పక్క. కింద సన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంది. మీరు చదివినట్టు లేదు, చదివి ఉంటే ‘బొమ్మలు’ అని రాసేవారు కాదు. ‘మొదటి సర్వే నాటికి ఆదిలాబాద్ ఒకే జిల్లా. ఇప్పుడున్న ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్‌లను పాత సంఖ్యతో విడివిడిగా పోల్చకూడదు’ అని రాసింది. మొదటి సర్వేలో తెలంగాణకు పది జిల్లాలు, రెండో దానిలో ముప్పై ఒకటి. పాత ఆదిలాబాద్ సంఖ్యనే నాలుగు కొత్త జిల్లాలకూ వేసి రంగులద్దితే, మంచిర్యాల గబగబా బాగుపడినట్టో, ఆసిఫాబాద్ ఒక్కసారిగా దిగజారినట్టో కనిపిస్తుంది. ఆ మ్యాపు చూసి ఎవరో ఒక అధికారి డబ్బు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ పెంచాలో నిర్ణయిస్తారు. మీ అమ్మాయి అక్కడ ఆగింది. ఎవరూ చెప్పకుండా ఆగింది. ఈ వృత్తిలో కష్టమైన భాగం అదే, సర్. రంగులు ఎవరైనా వేస్తారు.

మొదటి మ్యాపు ప్రపంచానిది, ఐదేళ్లలోపు పిల్లల మరణాల రేటు, అంటే వెయ్యి మంది పుడితే ఎంతమంది చనిపోతున్నారన్నది. దానిలో మాత్రం తప్పులున్నాయి, అవీ చెప్పాలి. ఆమె వాడింది మెర్కేటర్ మ్యాపు. 1569లో ఓడల వాళ్ల కోసం తయారైన పద్ధతి అది. అందులో గ్రీన్‌లాండ్, ఆఫ్రికా ఇంచుమించు ఒకే సైజులో కనిపిస్తాయి. నిజానికి ఆఫ్రికా సుమారు 14 రెట్లు పెద్దది. పిల్లలు ఎక్కువగా చనిపోతున్న ఖండాన్నే చిన్నది చేసి చూపించడం ఈ విషయానికి అన్యాయం. దేశాల విస్తీర్ణాన్ని సరైన నిష్పత్తిలో చూపే ఈక్వల్ ఎర్త్ లాంటివి ఉన్నాయి, 2018 నుంచే ఉన్నాయి. అది సరిచేసినా ఇంకో చిక్కు మిగులుతుంది. రష్యా మ్యాపులో పెద్ద భాగం ఆక్రమిస్తుంది, అంతకంటే ఎక్కువ జనం ఉన్న బంగ్లాదేశ్ మాత్రం చుక్కంత కనిపిస్తుంది. జనాభాను బట్టి దేశాల సైజు మార్చి గీసే కార్టోగ్రామ్‌లు ఇందుకే వచ్చాయి. ఆపైన రేటు చూపాలా, సంఖ్య చూపాలా? రేటు వేస్తే సోమాలియా, చాద్ ముదురు రంగులోకి వస్తాయి. సంఖ్య వేస్తే మన దేశం ముందు వరుసలోకి వస్తుంది, ఎందుకంటే ఇక్కడ పుట్టే పిల్లలే అంతమంది. రెండూ నిజమే. ఎవరికి ఏది చూపించాలో తెలియడమే చదువు. ఇంకొకటి, ఆమె డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌లో జమ్మూకశ్మీర్ సరిహద్దు సర్వే ఆఫ్ ఇండియా అధికారిక మ్యాపు ప్రకారం లేదు. మన దేశంలో అలా ప్రచురిస్తే చట్టం ఒప్పుకోదు. పోస్ట్ చేయకముందే మార్చమనండి.

ఇక నాకున్న అనుమానాలు. ‘డేటా విజువలైజేషన్’ పేరుతో ఇప్పుడు వీధికో కోర్సు. ఆరు నెలల్లో రెండు సాఫ్ట్‌వేర్లు నేర్పి, నాలుగు డాష్‌బోర్డులు, అంటే గ్రాఫులన్నీ ఒకే తెర మీద చూపే పేజీలు, చేయించి పంపిస్తున్నారు. ఆ డాష్‌బోర్డును ఇప్పుడు ఏఐ ఒక్క నిమిషంలో గీసిస్తోంది. అందుకని మీరు చెప్పిన అమీర్‌పేట కోర్సు మీద డబ్బు పెట్టకండి. మ్యాపులు గీసే క్యూజీఐఎస్ ఉచితం, లెక్కలు చేసే ఆర్ ఉచితం, డెహ్రాడూన్‌లోని రిమోట్ సెన్సింగ్ సంస్థ ఐఐఆర్‌ఎస్ వాళ్లు ఆన్‌లైన్‌లో ఉచితంగానే పాఠాలు చెబుతారు. స్టాటిస్టిక్స్ పిల్ల వాటిని ఇంట్లో కూర్చుని నేర్చుకోగలదు.

అమ్మాయికి కూడా ఒక మాట. రోస్లింగ్ బుడగలు కదులుతుంటే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది, నాకూ అంతే. కానీ ఆయన ముందు డాక్టరు. 1972లో బెంగళూరు వచ్చి ప్రజారోగ్యం చదువుకున్నారు. తర్వాత మొజాంబిక్‌లో పనిచేశారు. సరిగా శుద్ధి చేయని చేదు కర్రపెండలం తిని కాళ్లు చచ్చుబడే జబ్బు మీద ఏళ్ల తరబడి పరిశోధించారు. బుడగల సాఫ్ట్‌వేర్ చాలా తర్వాత వచ్చింది, అది కూడా ఆయన కొడుకు, కోడలితో కలిసి చేసింది. బుడగ వెనక ఉన్న పల్లె ఆయనకు తెలుసు. నువ్వు ఇంకా ఏ అంగన్‌వాడీలోనూ పిల్లల ఎత్తు కొలవడం చూడలేదనుకుంటాను. చూడు.

డబ్బు సంగతి దాచను. ఈ రంగంలో మొదటి జీతం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువే ఉంటుంది, చాలా పనులు ఏడాది, రెండేళ్ల కాంట్రాక్టులు. దాతల నిధులు ఆగితే పనీ ఆగుతుంది. తొంభైకి పైగా దేశాల్లో ఆరోగ్య సర్వేలకు ఆసరాగా ఉన్న డీహెచ్‌ఎస్ కార్యక్రమం 2025లో అమెరికా సాయం ఆపేయడంతో ఉన్నట్టుండి నిలిచిపోయింది. మీ అమ్మాయి మ్యాపుకు ఆధారమైన మన సర్వే కూడా ఆ కుటుంబంలోదే. ఐక్యరాజ్యసమితి ఉద్యోగం అని కలలు కనేవాళ్లకు కూడా చెబుతున్నాను, అక్కడ సాధారణంగా పీజీ, ఆపైన అనుభవం అడుగుతారు. డిగ్రీతో నేరుగా పిలవడం అరుదు.

పోలిక అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. అప్పు చేసి ఎంఎస్ ఇప్పుడే వద్దు, ఏ సబ్జెక్టులో చేయాలో ఆమెకే ఇంకా తేలలేదు. మ్యాపులే ప్రాణమైతే జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల మీద సమాచారం విశ్లేషించే విద్య) వైపు ఉస్మానియా జాగ్రఫీ విభాగం, ఐఐఆర్‌ఎస్ ఉన్నాయి. చూపించే తీరే ముఖ్యమనుకుంటే జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీలో ఇన్ఫర్మేషన్ డిజైన్ ఉంది. నన్నడిగితే ముంబయిలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్ మేలు. ఆమె వాడిన సర్వేను దేశమంతటా నిర్వహించే సంస్థ అదే, జనాభా అధ్యయనంలో పీజీ కోర్సులు అక్కడున్నాయి. అక్కడ చదివితే లెక్క ఎలా పుడుతుందో తెలుస్తుంది. ఎంట్రన్స్ వివరాలు వెబ్‌సైట్‌లో ఉన్నాయి, అమ్మాయి చూసుకుంటుంది.

భయపడకండి. స్టాటిస్టిక్స్ చేతిలో ఉన్న పిల్ల రోడ్డున పడదు. ఈ రంగం కుదరకపోతే ఇన్సూరెన్స్, బ్యాంకులు, ప్రభుత్వ గణాంక శాఖలు ఉన్నాయి. రేపు సాఫ్ట్‌వేర్‌కే వెళ్లాలనుకున్నా ఈ చదువు అడ్డం రాదు. మీరు ఏమీ పోగొట్టుకోవడం లేదు, రెండేళ్లు ఓపిక పడుతున్నారంతే.

పెళ్లిలో ఎవరైనా అడిగితే, ‘ఏ దేశంలో, ఏ జిల్లాలో పిల్లలకు తిండి సరిపోవడం లేదో లెక్క తీసి ప్రభుత్వాలకు చూపించే పని’ అని చెప్పండి. అర్థం కాకపోతే మంచిర్యాల మ్యాపు ఫోన్‌లో తీసి చూపించండి. అంతకంటే ముందు ఒకరోజు అమ్మాయి పక్కన కూర్చుని ఆ కింది గమనిక ఎందుకు రాసిందో అడగండి. ప్రపంచ మ్యాపు సరిచేశాక నాకు మళ్లీ పంపమనండి, ఈసారి ఆమెనే రాయమనండి.